బండి ముచ్చట్లు: ఐదుగురు అన్నదమ్ముల బండి

పోయిన నెల పాత అమెరికన్ కార్ల మీద ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తూ, "స్టూడిబేకర్ అంతటి కంపెనీయే కార్లు మానేసింది" అని ఒక ముక్క అనేసి పక్క ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఆ ముక్క పట్టుకుని ఇరవైకి పైగా ఉత్తరాలొచ్చాయి. "అంతటి అంటే ఎంతటి?" అని ఒకాయన నిలదీశారు. తప్పు నాదే. సగం చెప్పి ఊరుకోకూడదు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఆ కంపెనీకే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో. మిషిగన్‌లో కార్లకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళు కాస్టింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. కాస్టింగ్ అంటే ఇనుము కరిగించి పోత పోయడం అనుకునేరు. అది కాదు, ఖర్చు లెక్కలు కట్టే కాస్టింగ్. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం. దాంతో మా చుట్టాల్లో సగం మంది నేను కొలిమి దగ్గరే పనిచేశానని నమ్మారు. కాబట్టి నా జవాబుల్లో కార్ల అందం తక్కువ, లెక్కలు ఎక్కువ ఉంటాయి. సర్దుకోండి.

ప్రశ్న: మాస్టారూ, స్టూడిబేకర్ వాళ్ళు మొదట గుర్రపు బళ్ళు చేసేవాళ్ళని విన్నాను. కార్లు వచ్చాక బళ్ళ కంపెనీలన్నీ మట్టిగొట్టుకుపోయాయి కదా, వీళ్ళొక్కళ్ళు ఎలా దాటారు?

మన భాషలో అయితే ఈ ప్రశ్నే పుట్టదు. గుర్రం లాగినా బండే, ఇంజను లాగినా బండే. వాళ్ళూ అలాగే అనుకున్నట్టున్నారు.

1852 ఫిబ్రవరిలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊళ్ళో హెన్రీ, క్లెమెంట్ అనే అన్నదమ్ములు కొలిమి పెట్టారు. పెట్టుబడి 68 డాలర్లు. తండ్రి కూడా కమ్మరే. పనిమంతుడే గానీ, చేసిన పనికి డబ్బు వసూలు చేసుకోవడం చేతకాని మనిషని చెబుతారు. "ప్రేమ తప్ప ఎవరికీ ఏదీ బాకీ ఉండకు" అన్న బైబిలు మాట ఆయన కొలిమి దగ్గర రాసి ఉండేదట. పిల్లలు ఆ మాట మధ్యే పెరిగారు.

అసలు కథ మూడోవాడిది. పేరు జాన్ మోహ్లర్. 1853లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, బంగారం కోసం కాలిఫోర్నియా బయల్దేరాడు. దారి ఖర్చుకి డబ్బుల్లేవు. అన్నలు ఒక బండి తయారుచేసి ఇస్తే, ఆ బండినే ప్రయాణం ఖర్చు కింద బిడారు వాళ్ళకి ఇచ్చేశాడు. నెలల తరబడి నడిచి ప్లేసర్‌విల్ చేరేసరికి జేబులో మిగిలింది యాభై సెంట్లు. అక్కడ ఒక కమ్మరి, గనుల దగ్గర మట్టి మోయడానికి ఒంటి చక్రం తోపుడు బళ్ళు చేసిపెట్టే మనిషి కోసం చూస్తున్నాడు. కుర్రాడు చేసిన మొదటి బండి చక్రం వంకర తిరిగిందట. రెండోది బాగా వచ్చింది. ఐదేళ్ళు అదే పని. ఊరంతా నేల తవ్వుతుంటే తను మాత్రం తవ్వేవాళ్ళకి బళ్ళు అమ్మాడు. 1858లో 8,000 డాలర్లతో ఇంటికొచ్చి, పెద్దన్న హెన్రీ వాటా కొనేశాడు. జీవితాంతం ఆయన్ని "వీల్‌బారో జానీ" అనే పిలిచారు.

తర్వాత అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాది సైన్యానికి బళ్ళు కావాలి. పీటర్, జేకబ్ కూడా కలిశారు. వాటా అమ్ముకున్న హెన్రీతో కలిపి అన్నదమ్ములు మొత్తం ఐదుగురు. పీటర్ అమ్మకాల మనిషి, ఊరూరా దుకాణాలు పెట్టించాడు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి గుర్రపు బళ్ళ తయారీలో ప్రపంచంలో వీళ్ళని మించినవాళ్ళు లేరు. "అంతటి అంటే ఎంతటి" అని అడిగినాయనకి ఇదే జవాబు.

కార్ల వైపు తోసింది కొడుకులు కాదు, అల్లుడు. జాన్ గారి అల్లుడు ఫ్రెడరిక్ ఫిష్, వృత్తికి లాయరు. ముసలాయనకి పెట్రోలు బండి మీద పెద్ద మోజు లేదు. అందుకని 1902లో మొదలుపెట్టింది కరెంటు కార్లతో! ఆ ఏడు ఇరవై చేశారు. అందులో ఒకటి కొన్నది థామస్ ఎడిసన్. ఇప్పుడు విద్యుత్ కార్లు కొత్త వింత అని గంతులేసే కుర్రకారుకి ఈ సంగతి చెప్పి ఏడిపిస్తుంటాను.

పెట్రోలు కార్లు 1904లో వచ్చాయి. తర్వాత ఈ-ఎం-ఎఫ్ అనే డెట్రాయిట్ కంపెనీ కార్లని తమ దుకాణాల్లో అమ్మారు, చివరికి ఆ కంపెనీనే కలిపేసుకున్నారు. ఆ కారుకి జనం పెట్టిన పేరు "ఎవ్రీ మార్నింగ్ ఫిక్సిట్". అంటే తెల్లారగానే రిపేరు. స్టూడిబేకర్ వాళ్ళు సొంత డబ్బుతో మెకానిక్కుల్ని పంపి ఆ కార్లు బాగుచేయించారు. మీ ప్రశ్నకి జవాబు అక్కడుంది. మిగతా బళ్ళ కంపెనీలకి కర్రా ఇనుమూ తెలుసు. వీళ్ళకి వాటితో పాటు దేశమంతా దుకాణాలున్నాయి. తాతకి బండి అమ్మిన దుకాణమే మనవడికి కారు అమ్మింది. జాన్ 1917లో పోయాడు. గుర్రపు బళ్ళ తయారీ ఆ తర్వాత మూడేళ్ళకి ఆగింది.

ప్రశ్న: ఆ పేరు ఎలా పలకాలి సార్? స్టుడెబేకరా, స్టూడీబేకరా?

అమెరికా వాళ్ళ నోట "స్టూడ బేకర్"కి దగ్గరగా వినిపిస్తుంది. జర్మనీలో సోలింగెన్ అనే ఊరి నుంచి 1736లో అమెరికా చేరిన కుటుంబం. అసలు జర్మన్ పేరు ఇలా లేదు, అమెరికా చేరాక ఇంగ్లీషు తీరుకి మారిపోయింది. మీకెలా నోరు తిరిగితే అలా పలకండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి ఎం.బి.ఏ. చదువుతున్నాడు, స్టూడిబేకర్‌ని యూనియన్ ముంచింది అంటాడు. మా వారు మాత్రం కార్లు బాగోక పోయింది అంటారు. భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. మీరే తీర్పు చెప్పాలి.

తీర్పు అంటే ఇద్దరికీ తలో పాతిక మార్కులు వేస్తానమ్మా. మిగతా యాభై ఎవరికో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ కంపెనీ ఒకసారి కాదు, రెండుసార్లు చచ్చింది. మొదటిసారి 1933లో. అప్పటి అధ్యక్షుడు ఆల్బర్ట్ ఎర్స్‌కిన్. 1929లో మార్కెట్ కూలాక కార్ల కంపెనీలన్నీ పొదుపు మొదలుపెడితే, గడ్డురోజులు రెండు నెలల్లో పోతాయన్న ధీమాతో ఈయన వాటాదారులకి డివిడెండ్లు పంచుతూనే పోయాడు. 1930లో పంచింది ఆ ఏడు వచ్చిన లాభానికి దాదాపు ఐదింతలు. లాభమే ఐదో వంతుంటే మిగతాది ఎక్కడిది? మూలధనంలోంచి. విత్తనాల గింజలు వండుకు తినడమంటే ఇదే. 1933 మార్చిలో కంపెనీ కోర్టు రిసీవరు, అంటే అప్పుల్లో మునిగిన కంపెనీని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి, చేతిలోకి వెళ్ళింది. జులై 1న ఎర్స్‌కిన్ ఆత్మహత్య చేసుకున్నాడు.

అక్కడితో అయిపోవాల్సింది. పాల్ హాఫ్‌మన్, హెరాల్డ్ వాన్స్ అనే ఇద్దరు నిలబెట్టారు. 1939లో ఛాంపియన్ అని తేలికైన, చవకైన, పెట్రోలు తక్కువ తాగే కారు తెచ్చారు. యుద్ధంలో సుమారు రెండు లక్షల ట్రక్కులు చేశారు. వాటిలో చాలా భాగం సోవియట్ సైన్యానికి వెళ్ళాయి. కత్యూషా రాకెట్లు మోసిన ట్రక్కుల్లో ఇవీ ఉన్నాయి. బి-17 బాంబర్లకి ఇంజన్లూ ఇక్కడే చేశారు.

యుద్ధం అయ్యాక పెద్ద కంపెనీలు 1942 నాటి కార్లకే కొత్త రంగు పూసి అమ్ముతుంటే, వీళ్ళు అందరికంటే ముందు సరికొత్త రూపం తెచ్చారు. 1947 మోడల్లో ఒక కూపేకి, అంటే రెండు తలుపుల కారుకి, వెనక అద్దం వెడల్పుగా చుట్టూ తిరిగి ఉండేది. ముందెక్కడో వెనకెక్కడో తెలిసేది కాదు. "వస్తోందా, పోతోందా?" అని జనం జోకులేశారు. వేసుకుంటూనే కొన్నారు. 1950లో మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కంపెనీ చరిత్రలో అదే శిఖరం.

ఇప్పుడు యూనియన్ సంగతి. మీ అబ్బాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సౌత్ బెండ్‌లో ఒక కారు చేయడానికి పట్టే కూలి డెట్రాయిట్ కంటే ఎక్కువ. ఎందుకు ఎక్కువైంది? యుద్ధం తర్వాత ఏ కారైనా అమ్ముడయ్యే రోజుల్లో, సమ్మె వస్తే తట్టుకోలేమన్న భయంతో మేనేజిమెంటు అడిగిందల్లా ఇచ్చింది. జనరల్ మోటార్స్ సమ్మెని నెలల తరబడి ఓర్చుకోగలదు, చిన్న కంపెనీ ఓర్చుకోలేదు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1954లో అమ్మకాలు పడిపోయినప్పుడు అదే యూనియన్ కార్మికులు ఓటు వేసి మరీ తమ కూలి తగ్గించుకున్నారు. ఆ ముక్క మీ అబ్బాయి పుస్తకంలో ఉందేమో అడగండి.

మీ వారి వాదన ఇంకో రకం. కార్లు బాగోకపోవడం కాదమ్మా, బాగున్నదాన్ని చేసి ఇవ్వలేకపోవడం. 1953లో పేరున్న డిజైనరు రేమండ్ లోవీ స్టూడియో నుంచి, రాబర్ట్ బర్క్ చేతి మీదుగా, ఒక కూపే వచ్చింది. పొట్టిగా, నేలకి దగ్గరగా, ముక్కు కిందికి వంచుకుని ఉంటుంది. ఆ దశాబ్దపు అమెరికన్ కార్లలో అంత అందమైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. తీరా ఫ్యాక్టరీలో చేయబోతే ముందు భాగపు రేకులు ఒకదానితో ఒకటి కలవలేదు. ఫ్రేము వంగుతోంది. ఫెండరుకీ బానెట్‌కీ మధ్య సందు సరిపోక లైను ఆగింది. నెలలు పోయాయి. దానికి తోడు ఇంకో లెక్క తప్పింది. జనం ఇంటిల్లిపాదికీ సరిపోయే సెడాన్లే ఎక్కువ అడుగుతారని వాటికి సరుకు తెప్పించి పెట్టుకున్నారు. జనం వచ్చి కూపే కావాలన్నారు. అడిగింది లేదు, ఉన్నది అడగలేదు. సరిగ్గా అప్పుడే ఫోర్డ్, షెవ్రొలె రెండూ ఒకదాని మీద ఒకటి పంతానికి కార్లు గుమ్మరించి ధరలు కోశాయి. దున్నపోతులు పోట్లాడుకుంటే లేగదూడ కాళ్ళు విరిగాయన్నట్టు, నలిగింది చిన్న కంపెనీలు.

ఇక నా యాభై మార్కులు ఎక్కడికి పోయాయంటే, అచ్చు దిమ్మల దగ్గరికి. చక్రం మీది రేకుని, అంటే ఫెండరుని, నొక్కి తీర్చే అచ్చు దిమ్మని డై అంటారు. అది చేయించడానికి అయ్యే ఖర్చు, మీరు లక్ష కార్లు చేసినా అంతే, పది లక్షలు చేసినా అంతే. ఉదాహరణకి ఒక కొత్త మోడల్ డైలకి కోటి డాలర్లు అయ్యాయనుకోండి. పది లక్షల కార్లు అమ్మేవాడికి కారుకి పది డాలర్లు పడుతుంది. లక్ష అమ్మేవాడికి నూరు డాలర్లు. అదే రేకు, అదే ప్రెస్సు, అదే ధర చీటీ. ఏటేటా కొత్త రూపం అని డెట్రాయిట్ పెద్దలు మొదలుపెట్టిన ఆటలో చిన్నవాడు ప్రతి ఏడూ ఆ నూరు కట్టుకుంటూ ఆడాలి. ఆ ఆటలో నిలవాలంటే యుద్ధం తర్వాత డబ్బున్న ఆ ఐదారేళ్ళలో పాత బహుళ అంతస్తుల ఫ్యాక్టరీని బాగుచేసుకుని ఉండాలి. ఆ డబ్బు కొంత డివిడెండ్లకి పోయింది, కొంత కూలికి పోయింది. పాత యంత్రాలు పాతగానే మిగిలాయి. కాబట్టి ఆ యాభై మార్కులు పై అంతస్తులో కూర్చున్న పెద్దమనుషులకి.

నా ఒళ్ళు జలదరించే సంగతి ఇంకోటి ఉంది. 1954 అక్టోబరులో డెట్రాయిట్‌లోని ప్యాకార్డ్ కంపెనీ స్టూడిబేకర్‌ని కొని కలుపుకుంది. ప్యాకార్డ్ అంటే ఒకప్పుడు రాజాలూ ప్రెసిడెంట్లూ ఎక్కిన కారు. కొనేముందు స్టూడిబేకర్ లెక్కల ప్రకారం ఏడాదికి లక్షా అరవై వేల చిల్లర కార్లు అమ్మితే నష్టం ఉండదనుకున్నారు. కొన్న తర్వాత ప్యాకార్డ్ లెక్కల మనిషి కూర్చుని మళ్ళీ కడితే తేలింది సుమారు 2,82,000. ఆ ఏడు అమ్ముడైనవి లక్ష కూడా లేవు. ఇల్లు కొన్నాక పునాది తవ్వి చూసినట్టుంది. నేను ఉద్యోగంలో ఉండగా మా కుర్రాళ్ళకి ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి, ముందు లెక్క చూడండ్రా, తర్వాత సంతకం అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు.

అసలు ఇంకో ఊహ కూడా ఉండేది. నాష్ కంపెనీ అధిపతి జార్జ్ మేసన్, నాష్, హడ్సన్, స్టూడిబేకర్, ప్యాకార్డ్ నాలుగూ కలిసి ఒకటైతే తప్ప పెద్దల ముందు నిలవలేమనేవాడు. నాష్, హడ్సన్ కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాయి. స్టూడిబేకర్, ప్యాకార్డ్ కలిసిన వారానికే మేసన్ చనిపోయాడు. ఆ నాలుగింటి ముడి పడలేదు. పడి ఉంటే నిలిచేదా అంటే, నాకు పెద్ద నమ్మకం లేదు. నాలుగు బీద ఇళ్ళు కలిస్తే ఒక పెద్ద బీద ఇల్లు అవుతుంది.

పెళ్ళి చేసుకున్న ప్యాకార్డ్ గతి ఏమైంది అంటారా? 1957కి డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీయే లేదు. స్టూడిబేకర్ కారుకే నగలు తగిలించి ప్యాకార్డ్ అని అమ్మారు. జనం "ప్యాకార్డ్‌బేకర్" అని వెక్కిరించారు. 1958తో ఆ పేరు కూడా పోయింది.

ప్రశ్న: లార్క్, అవాంటి అనే కార్లు వీళ్ళవేనా? మంచి కార్లని చదివాను. మంచి కార్లుండి కూడా మూతపడటం ఏమిటి?

వీళ్ళవే. లార్క్ కథ నాకు భలే ఇష్టం. 1959కి కొత్త కారు చేయడానికి డబ్బుల్లేవు. అప్పటి అధ్యక్షుడు హెరాల్డ్ చర్చిల్ ఇంజనీరు. 1953 నాటి పాత బాడీనే తీసుకుని, ముందు కొంత, వెనక కొంత తెగ్గోసి, మధ్య భాగం అలాగే ఉంచి పొట్టి కారు చేయించాడు. లోపల ఆరుగురు కూర్చుంటారు, బయట చిన్నగా ఉంటుంది, ధర రెండు వేల డాలర్ల లోపు నుంచి మొదలు. అమెరికాలో చిన్న కారు కోసం జనం వెతుక్కుంటున్న ఏడాది అది. విరగబడి కొన్నారు, కంపెనీకి లాభాలొచ్చాయి. మరుసటి ఏటి మోడళ్ళుగా ఫోర్డ్ ఫాల్కన్, షెవ్రొలె కార్వేర్, క్రైస్లర్ వాళ్ళ వేలియంట్ మూడూ దిగాయి. అంతకుముందు లార్క్ అమ్ముకుంటున్న ఫోర్డ్, షెవ్రొలె డీలర్లు సొంత కంపెనీ చిన్న కారు రాగానే లార్క్‌ని వదిలేశారు. కత్తెరతో ఒకసారి గెలవొచ్చు.

అవాంటి 1962లో వచ్చింది. లోవీ తన మనుషులు ముగ్గుర్ని కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ ఎడారి ఊళ్ళో ఒక ఇంట్లో కూర్చోబెట్టి కొన్ని వారాల్లో రూపం గీయించాడు. ముందు గ్రిల్లు ఉండదు. కంటికి ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. బాడీ ఫైబర్‌గ్లాసు. మళ్ళీ 1953 కథే. బయటి నుంచి వచ్చిన బాడీ ముక్కలు సరిగ్గా అతకలేదు, వెనక అద్దం నిలవలేదు, ఆర్డరు ఇచ్చినవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి వేరేది కొనుక్కున్నారు. మొత్తం ఐదు వేలు కూడా చేయలేదు.

ఇంకో సరదా. 1963లో వాగనేర్ అని స్టేషన్ వాగన్ తెచ్చారు. వెనక పైకప్పు ముందుకి జరుగుతుంది. నిలువుగా ఫ్రిజ్ పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు. ఎంత మంచి ఆలోచన! వానొస్తే నీళ్ళు కారేవి. కప్పు జరగని రకం కూడా అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: గౌరవనీయులైన రచయితగారికి, నేను పింఛను మీద బతికే రిటైర్డ్ ఉద్యోగిని. అమెరికాలో ప్రైవేటు పింఛన్ల చట్టం స్టూడిబేకర్ వల్లే వచ్చిందని ఎక్కడో చదివాను. కారుకీ పింఛనుకీ సంబంధం ఏమిటి?

ఈ ఉత్తరం కోసమే నేను ఈ నెల శీర్షిక మొత్తం కేటాయించానని చెప్పినా తప్పు లేదు.

1963 డిసెంబరు 9న కంపెనీ ప్రకటించింది, సౌత్ బెండ్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నామని. కెనెడీ హత్య జరిగి మూడు వారాలు కాలేదు. క్రిస్మస్‌కి రెండు వారాలుంది. ఆ నెల 20న ఆఖరి కారు లైను దిగింది. దాదాపు ఏడు వేల మందికి పని పోయింది. కెనడాలోని హామిల్టన్‌లో చిన్న ఫ్యాక్టరీ మాత్రం ఇంకో రెండేళ్ళ పైన నడిచింది, అది కూడా జనరల్ మోటార్స్ ఇంజన్లు కొనుక్కుని. 1966 మార్చిలో అదీ ఆగింది.

పింఛను పథకం యూనియన్‌తో 1950లో కుదిరింది. అందులో ఒక మెలిక ఉంది. పథకం మొదలయ్యే నాటికే ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళకి ఆ పాత ఏళ్ళకి కూడా పింఛను లెక్కగడతామన్నారు. ఆ డబ్బు వెంటనే ఎక్కడిది? ముప్ఫై ఏళ్ళలో వాయిదాలుగా నిధిలో వేస్తామన్నారు. మధ్యలో పింఛను పెంచినప్పుడల్లా ఆ ముప్ఫై ఏళ్ళు మళ్ళీ మొదటికొచ్చేవి. కంపెనీ ముప్ఫై ఏళ్ళు బతికుంటే ఫరవాలేదు. పదమూడేళ్ళకే ఫ్యాక్టరీ మూశారు. నిధిలో ఉన్నది అందరికీ చాలదు.

అప్పుడు పంపకం ఇలా జరిగింది. అప్పటికే రిటైరైనవాళ్ళకీ, అరవై దాటి పదేళ్ళు పనిచేసినవాళ్ళకీ మొత్తం పింఛను. అలాంటివాళ్ళు సుమారు 3,600 మంది. నలభైకీ అరవైకీ మధ్య ఉండి, పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు దాదాపు నాలుగు వేలు. వీళ్ళకి రావాల్సిన దాంట్లో డాలరుకి పదిహేను సెంట్లు, అదీ ఒకేసారి చేతిలో పెట్టేశారు. ఈ నాలుగు వేల మంది సగటు వయసు 52, సగటు సర్వీసు 23 ఏళ్ళు. మిగిలిన 2,900 మందికి సున్నా.

ఆ 2,900 మందిలో ఒకాయన తర్వాత నాతో పనిచేశాడు. నేను 1979లో ఉద్యోగంలో చేరినప్పుడు మా షాపులో ప్రెస్సుల మీద పెద్ద మేస్త్రీ ఆయన, వయసు 54. నేను లెక్కల కోసం కొలతలు తీసుకోవడానికి వెళ్తే కాఫీ పోసి కూర్చోబెట్టేవాడు. ఆయన పనిముట్ల పెట్టె అడుగు అరలో, రెంచీల కింద, నూనె మరకలు పడ్డ చిన్న పుస్తకం ఒకటుండేది. స్టూడిబేకర్ పింఛను పథకం నియమాల పుస్తకం. యుద్ధం నుంచి తిరిగొచ్చి 1947లో సౌత్ బెండ్‌లో చేరాడు. మూసేనాటికి పదహారేళ్ళ సర్వీసు, వయసు 38. నలభై నిండలేదు కాబట్టి ఏమీ లేదు. ఎందుకండీ అది ఇంకా దాచుకున్నారు అని అడిగితే, వేలుతో ఒక పేజీ తీసి చూపించాడు. మూసేస్తే ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది అందులో ముందే అచ్చువేసి ఉంది. "నేను చదవలేదు. పదహారేళ్ళు జేబులో పెట్టుకు తిరిగాను, చదవలేదు" అన్నాడు. కంపెనీని ఒక్క మాట అనలేదు. లార్క్ మంచి కారు అనేవాడు.

స్టూడిబేకర్ అన్నదమ్ముల తండ్రి కొలిమి దగ్గర రాసి ఉన్న ఆ బాకీ మాట నాకు మొదటిసారి గుర్తొచ్చింది అప్పుడే.

అందరూ తప్పుగా అనుకునేది ఒకటుంది. 1963లో స్టూడిబేకర్ కంపెనీ దివాలా తీయలేదు. అప్పటికే అది జనరేటర్లు, తోట ట్రాక్టర్లు, ఇంజను ఆయిల్లో కలిపే ఎస్.టి.పి. ద్రావకం లాంటి వ్యాపారాలెన్నో కొనిపెట్టుకుంది. నష్టం తెచ్చే కార్లని వదిలించుకుని, వాటితో నడిచింది. 1967లో వర్తింగ్‌టన్ అనే కంపెనీతో కలిసింది. వాటాదారులకి ఏ కొదవా రాలేదు. పింఛను నిధి వేరే, కంపెనీ ఆస్తి వేరే. నిధి చాలకపోతే కంపెనీ తన జేబులోంచి ఇవ్వాలన్న చట్టం అప్పటికి లేదు.

సౌత్ బెండ్ సంగతి వాషింగ్టన్‌లో పదేళ్ళు నలిగింది. ఇండియానా సెనేటర్ వాన్స్ హార్ట్‌కీ మరుసటి ఏడే పింఛన్లకి బీమా ఉండాలని బిల్లు పెట్టాడు, అది ముందుకి వెళ్ళలేదు. న్యూయార్క్ సెనేటర్ జేకబ్ జావిట్స్ పట్టు వదల్లేదు. చివరికి 1974 సెప్టెంబరు 2న, వాళ్ళ కార్మిక దినోత్సవం రోజున, ఎరీసా అనే ఆ పింఛన్ల చట్టం మీద సంతకం పడింది. నిధిలో డబ్బు ఎప్పటికప్పుడు వేయాలి, ఇన్నేళ్ళు చేశాక పింఛను హక్కు పోకూడదు, కంపెనీ చేతులెత్తేస్తే పరిమితి మేరకు ఇవ్వడానికి ఒక ప్రభుత్వ బీమా సంస్థ. సంతకం పెట్టిన ప్రెసిడెంటు ఇంటిపేరు ఫోర్డ్. కార్ల ఫోర్డ్‌కి చుట్టమేమీ కాదు గానీ, మా మేస్త్రీ మాత్రం ఈ సంగతి చెప్పి ప్రతిసారీ తెగ నవ్వేవాడు. ఆ చట్టం పాత నష్టాలకి వర్తించలేదు. ఆయనకి ఏమీ రాలేదు. మా కంపెనీ నుంచి వచ్చిన పింఛనుతోనే 1990లో రిటైరయ్యాడు. ఆ పింఛనుకి బీమా ఉంది.

ప్రశ్న: తాతగారూ, ఈ ఏడు పై చదువుకి ఇండియానా వెళ్తున్నాను. స్టూడిబేకర్ తాలూకు ఏమైనా చూడటానికి మిగిలాయా?

మిగిలాయి నాయనా. సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్ నేషనల్ మ్యూజియం ఉంది, సగం పూట చాలు. హామిల్టన్‌లో చేసిన ఆఖరి కారు అక్కడే ఉంది. అబ్రహాం లింకన్ హత్య జరిగిన రాత్రి నాటకానికి వెళ్ళిన గుర్రపు బగ్గీ కూడా ఉంది. అది వీళ్ళు చేసింది కాదు, క్లెమెంట్ స్టూడిబేకర్ తర్వాత కొని పెట్టుకున్నది. క్లెమెంట్ రాతి మేడ ఊళ్ళోనే ఉంది. బయటి నుంచి చూసినా సరే, గుర్రపు బళ్ళ మీద ఎంత సంపాదించారో అర్థమవుతుంది. అవాంటి కనిపిస్తే వదలకు. మూసేశాక ఊళ్ళోని ఇద్దరు స్టూడిబేకర్ డీలర్లు ఆ కారు హక్కులూ అచ్చులూ కొని, పాత ఫ్యాక్టరీలోనే కొంత భాగంలో ఏళ్ళ తరబడి చేతితో చేసి అమ్మారు. అంత పెద్ద కంపెనీ వల్ల కానిది!

ఊరికి పడమరగా కొన్ని మైళ్ళ దూరంలో బెండిక్స్ వుడ్స్ అనే పార్కు ఉంది. 1926లో కార్లు పరీక్షించడానికి స్టూడిబేకర్ కట్టుకున్న మైదానంలో భాగం అది. 1930ల చివర్లో అక్కడ వేల పైన్ మొక్కలు నాటి కంపెనీ పేరు అక్షరాలుగా తీర్చారు. విమానంలో వెళ్ళేవాళ్ళకి చదవడానికి. కార్లు పోయాయి గానీ చెట్లు ఎదిగాయి. మా ఆవిడా నేనూ ఒకసారి వెళ్ళాం. కింద నిలబడితే ఏముంటుంది, అన్నీ చెట్లే. నేను 'కె' అక్షరంలో ఉన్నానో 'ఆర్'లో ఉన్నానో తెలియక, తను ఎక్కడుందో చెప్పమని కేకేసి, ఇద్దరం పావుగంట వెతుక్కున్నాం.